దుబాసీ మింగిన మాటలు

కొత్తగా సర్కారు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎవరైనా వచ్చి, "మీ కాలం సంగతులు చెప్పండి" అంటే చెప్పడానికి నా దగ్గర మూడు నాలుగు మంచివి ఉన్నాయి. తుఫాను వచ్చిన ఏడాది విత్తనాలు పంచిన సంగతి, కలెక్టరు గారు నా భుజం తట్టిన సంగతి, అలాంటివి. వాటిలో నేను చాలా బాగా కనిపిస్తాను. ఇది ఆ వరసలోది కాదు. దీన్ని చెప్పవలసి వచ్చినప్పుడల్లా నా వాటా కొంత తగ్గించి చెబుతూ వచ్చాను. ఈసారి తగ్గించకుండా రాస్తాను.

పంతొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్తలో నేను గ్రామసేవకుణ్ణి. కొడవలూరు పక్క వరి పండించే ఇంట్లో పుట్టాను. నీళ్ళంటే కాలవలో వాటంతటవే వస్తాయని నమ్మేవాణ్ణి. అలాంటి నన్ను తీసుకెళ్ళి జువ్వలదిన్నె వైపు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళుండే పాళేల మీద వేశారు. సముద్రం గురించి నాకు తెలిసింది ఒక్కటే, అది తూర్పున ఉంటుందని. ఇంటర్మీడియట్ పాసయ్యాను గనక మా బ్లాకులో నాకు ఇంగ్లీషు వచ్చునని పేరు. అది అర్జీల ఇంగ్లీషు. "వినయపూర్వకంగా మనవి చేసుకొనునది" అని మొదలుపెట్టకుండా ఆ భాషలో నేను గ్లాసెడు మంచినీళ్ళు అడగలేను.

ఒకరోజు బ్లాకు అభివృద్ధి అధికారి నన్ను పిలిచి ఒక ఉత్తరం చూపించారు. పరాయి దేశం నుంచి ఒక స్వచ్ఛంద సేవకులు రెండేళ్ళపాటు మన దగ్గర పనిచేయడానికి వస్తున్నారు. తిండికీ బసకూ సరిపడా భత్యం తప్ప జీతం పుచ్చుకోరు. మంచినీటి బావుల పనిలో శిక్షణ పొందినవారు. కింద రెండు పొడి అక్షరాలూ ఒక ఇంటిపేరూ ఉన్నాయి. బావుల పని అన్నారు గనక మనిషి మగవాడని మాలో ఎవరూ ఆలోచించకుండానే నిశ్చయించేశాం. దొరలు పొడుగ్గా ఉంటారని వడ్రంగి చేత ఆరున్నర అడుగుల మంచం చేయించాను. పెద్ద సైకిలొకటి సంపాదించాను. దండ పట్టుకుని నెల్లూరు స్టేషనుకు వెళ్ళి, మద్రాసు నుంచి వచ్చిన రైల్లో దిగిన ఒక పొడుగాటి తెల్లాయన మెడలో వేసి, నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒప్పజెప్పాను. ఆయన ఎవరో వ్యాపారి. చాలా సంతోషించి, దండతో సహా వెళ్ళిపోయాడు. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక, ఇనప్పెట్టె మీద కూర్చుని ఉన్న ఒక సన్నపాటి అమ్మాయి లేచి వచ్చి, "మీరు నా కోసం వచ్చారనుకుంటాను" అంది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి.

మా అధికారి ఆమెను పైనుంచి కింది దాకా చూశారు. తర్వాత నాతో తెలుగులో, "ఆడపిల్లను బావుల్లోకి దించుతామా ఏందయ్యా? మహిళా మండలికి వేద్దాం. కుట్టుపని, జాం చేయడం చూసుకుంటుంది" అన్నారు. నేను ఆమెకు చెప్పాను. ఆమె నిదానంగా, తను నేలనూ నీటినీ చదువుకున్నాననీ, కుట్టుపని తనకు రాదనీ, జాం కొనుక్కోవడం తప్ప చేయడం ఎరుగననీ చెప్పింది. నేను అధికారి వైపు తిరిగి, "మీరు ఎలా చెబితే అలా చేస్తానంటోంది సార్" అన్నాను. ఆయన సంతోషించారు. "చూసినావా, ఎంత వినయమో" అన్నారు. ఆ రోజు నేను మింగిన మాటలు మొదటివి. గొంతుకు అడ్డం పడలేదు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య గొడవ రాకుండా చూశానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అలా నాలుగు నెలలు ఆమె ఒక పాళెంలో టమేటా జాం చేసింది. పాళెం ఆడవాళ్ళు దాన్ని మర్యాదగా రుచి చూసి, ఇంటికి తీసుకెళ్ళి, చింతపండుకు బదులు చేపల పులుసులో వేసి చూశారు. నేను ఆమెను గుడిసెల దగ్గర వదిలిపెట్టి, ఊరి పెద్దకాపు ఇంటి ముందు పందిట్లో కూర్చుని టెంకాయ నీళ్ళు తాగేవాణ్ణి. పెద్దకాపంటే ఆ పాళేనికి పెద్ద. వల ఎక్కడ వేయాలి, తగవు ఎలా తీరాలి, అన్నీ ఆయన మాటే. అభివృద్ధి గురించి మేమిద్దరం చాలా లోతుగా మాట్లాడుకునేవాళ్ళం. ఆమె జాం కలుపుతోందని నా ఊహ. నిజానికి ఆమె ఆడవాళ్ళ వెంట నీళ్ళకు తిరుగుతోంది. వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకుంటోంది. ఆ రెండూ నాకు తర్వాత తెలిశాయి.

ఆ వేసవికి పాళేనికి వరల బావి మంజూరైంది. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించి కట్టే బావి. ఎక్కడ తవ్వాలన్నది మా అధికారీ పెద్దకాపూ కలిసి తేల్చేశారు. పెద్దకాపు ఇంటి పక్కన, బండ్ల బాట చివర. జీపు అక్కడి దాకా వస్తుంది. పెద్దవాళ్ళెవరైనా ప్రారంభానికి వస్తే ఇసకలో నడవక్కర్లేదు. ఆ అమ్మాయి మాత్రం, "తవ్వే ముందు ఒకసారి ఆడవాళ్ళతో కూర్చుందాం" అని పట్టుబట్టింది. సరే, వలలు ఆరేసే పందిరి కింద కూర్చోబెట్టాను.

అక్కడ అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకామె ఉండేది. యాభై దాటిన మనిషి. మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకుని, చేపల గంప నెత్తిన పెట్టుకుని కాలవ దాటి పై ఊళ్ళలో అమ్మి, కొడుకును పెంచింది. ఆమే మాట్లాడింది.

"అబ్బయా, ఆ బాట కాడ తవ్వబాకండి. ఆడంతా ఉప్పే. మా అత్త కాలంలో ఒకసారి తవ్వి పూడ్చినారు. సరుగుడు తోపు దిబ్బ కింద మేం చెలమ తీస్తా ఉండాం గదా, ఆడ తవ్వండి. రెండు నిలువులు చాలు. నల్లమట్టి కనపడినాక దిగితే మళ్ళీ ఉప్పే."

చెలమంటే ఇసకలో చేత్తో తవ్వుకునే గుంట. నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకోవాలి. ఆ ఊరి ఆడవాళ్ళ పొద్దులో సగం అక్కడే పోయేది.

పెద్దమ్మ చెప్పింది నాకు అక్షరం అక్షరం అర్థమైంది. కానీ చోటు అప్పటికే కాగితం మీదికి ఎక్కింది. దాన్ని మార్చాలంటే అధికారికి చెప్పాలి, పెద్దకాపుకు చెప్పాలి. పైగా నాకు ఆకలిగా ఉంది. "వీళ్ళు చాలా సంతోషిస్తున్నారు, కృతజ్ఞతలు చెబుతున్నారు" అన్నాను ఇంగ్లీషులో.

ఆమె నా వైపు అనుమానంగా చూసింది. "ఉప్పు అన్నట్టుంది కదా?"

"ఉప్పు చేపల గురించి" అన్నాను.

ఆ జవాబు అంత తొందరగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఉద్యోగ జీవితంలో అంత చురుగ్గా నేను మరెప్పుడూ పనిచేయలేదు.

తర్వాతిది శ్రమదానం. ఊరి వాటా కింద జనం తమ చేతి పని ఇవ్వాలి. మగవాళ్ళు తెల్లారకముందే వేటకు పోతారు, వచ్చి వలలు బాగుచేసుకుంటారు. వాళ్ళను ఇబ్బంది పెట్టొద్దన్నాడు పెద్దకాపు. ఇక మిగిలింది ఆడవాళ్ళు. "దొరసానమ్మ మిమ్మల్ని రమ్మంటోంది" అని వాళ్ళతో చెప్పాను. "వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చారు" అని ఆమెతో చెప్పాను. ఇద్దరూ నమ్మారు. ఒకరి మీద ఒకరికి అంత గౌరవం ఉండేది.

తొమ్మిది రోజులు ఆడవాళ్ళు ఇసక మోశారు. ఆ తొమ్మిది రోజులూ ఒక్కరూ చేపల గంప ఎత్తలేదు. వాళ్ళు చేపలు వేసే ఇళ్ళ వాళ్ళు వేరేవాళ్ళ దగ్గర కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఆరో రోజున, వరలు తెచ్చిన బండి బాట తప్పి ఇసకలో దిగబడితే, దాన్నించి దించి దొర్లించుకు వస్తున్నారు. ఒకటి జారి పెద్దమ్మ కోడలి కాలి మీద పడింది. మూడు వేళ్ళు నలిగిపోయాయి. ఆ పిల్ల అరవలేదు. ఇసకలో కూర్చుని కాలి వైపు చూస్తూ ఉండిపోయింది. కట్టు కట్టించి ఇంటికి పంపాం. ఆ రోజు నివేదికలో నేను "చిన్న దెబ్బ" అని రాశాను. కూలికి వచ్చిన మనిషైతే ఏదో ఒకటి ఇచ్చే పద్ధతి ఉండేది. శ్రమదానానికి వచ్చిన మనిషికి దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పే కాగితం మా ఆఫీసులో లేదు. లేనిదాని కోసం నేను వెతకలేదు కూడా.

ప్రారంభం రోజు ఉదయం జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చారు. జీపు బాట చివరి దాకా హాయిగా వచ్చింది. రిబ్బను కత్తిరించారు. మొదటి చేద నీళ్ళు పైకి తీసి, వెండి గ్లాసులో పోసి, నేనే వినయంగా అందించాను. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయారు. మెడలో దండలున్నాయి, ఎదురుగా జనం ఉన్నారు. ఉమ్మడానికి వీల్లేదు. కష్టపడి మింగి, మా అధికారి వైపు తిరిగి, "ఖనిజాలు బాగా ఉన్నట్టున్నాయే" అన్నారు. మా అధికారి నా వైపు చూశారు. నేనూ ఒక గుక్క తాగి, "అలవాటు పడితే బాగానే ఉంటాయి సార్" అన్నాను. ఆ నోటితో నేను ఆ పగలంతా ఏమీ తినలేకపోయాను.

జీపులు వెళ్ళిపోయాక ఆ అమ్మాయి నీళ్ళు అరచేతిలో పోసుకుని రుచి చూసింది. నా వైపు తిరగలేదు. గట్టు పక్కన నిలబడ్డ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పెద్దమ్మా, ఈడ ఉప్పని నీకు ముందే తెలుసునా?"

అచ్చం పాళెం తెలుగు.

"తెలుసు పాపా. ఆ పొద్దు పందిట్లో చెప్పినాను గదా. నువ్వూ ఉండావు, ఈ అబ్బయా ఉండాడు."

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, ఆ పొద్దు నువ్వు నాకేం చెప్పినావు?"

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పరిస్థితుల ఒత్తిడి, పైవాళ్ళ నిర్ణయం, అలాంటివేవో.

"తెలుగులో చెప్పన్నా" అంది. "అందరూ వినాల."

చెప్పాను. సంతోషిస్తున్నారన్నానని చెప్పాను. ఉప్పు చేపల గురించి అన్నానని చెప్పాను. ఎవరు రమ్మన్నారని శ్రమదానానికి వచ్చారో అదీ బయటపడింది. ఉప్పు చేపల మాట దగ్గర ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. పెద్దమ్మ కోడలు గుడ్డ చుట్టిన కాలు చాపుకుని ఒక పక్కగా కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. నాకు వాళ్ళ నవ్వులేవీ గుర్తు లేవు గానీ, ఆమె నవ్వకపోవడం బాగా గుర్తుంది.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. వాళ్ళ మధ్య ఇసకలో కూర్చుని, "నాదీ తప్పే. గబగబా మాట్లాడితే నాకు సగమే అర్థమవుతాది గానీ, ఉప్పు అనే మాట తెలుసు. అయినా ఇతను చెప్పింది నమ్మి ఊరుకున్నాను. ఇంకోసారి అడిగి ఉండాల" అంది.

తర్వాత వారం మా అధికారి పాళేనికి వచ్చారు. జిల్లా ఆఫీసరు ముందు పోయిన పరువు ఎలా తిరిగి తెచ్చుకోవాలా అని ఆయన బాధ. పెద్దకాపు పందిట్లోనే కూర్చున్నాం. ఇంకో బావికి వరలు ఇస్తామన్నారు. చోటు ఆడవాళ్ళు చూపిస్తారని ఆ అమ్మాయి అంది. పెద్దకాపు ఒప్పుకోలేదు.

"ఆడోళ్ళకేం తెలుస్తాది సార్. సముద్రం మేం చూస్తాం, నేలా మేమే చూస్తాం."

ఆ అమ్మాయి అడిగింది. "కాపు గారూ, మీ ఇంట్లో తాగే నీళ్ళు యాడివి?"

పెద్దకాపు మా అధికారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ ఇంట్లో నేను ఏడాదిన్నరగా నీళ్ళు తాగుతున్నాను. ఎక్కణ్ణించి వస్తాయో ఒక్కసారి కూడా అడగలేదు. చివరికి ఆయన గడప వైపు తిరిగి కేకేశాడు. లోపల్నించి ఆయన భార్య, "సరుగుడు తోపు కాడ చెలమవి. ముప్పై ఏళ్ళుగా నేనే గదా మోస్తా ఉండేది. ఇప్పుడు అడగతా ఉండావా?" అంది.

చోటు సంగతి తేలిపోయింది. మా అధికారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "అయితే రేపటి నుంచే శ్రమదానం మొదలుపెట్టిద్దాం" అన్నారు.

పందిరి బయట నిలబడి ఉన్న పెద్దమ్మ అప్పుడు లోపలికి వచ్చింది.

"అయ్యా, ఒక మాట. ఈ పాప వాళ్ళ దేశం వదిలిపెట్టి వచ్చి పని చేస్తా ఉండాది. దాన్ని సేవ అంటా ఉండారు, దండలేస్తా ఉండారు. మంచిదే, మాకూ ఇష్టమే. మొన్న ఆమెకు జరమొస్తే మద్రాసు నుంచి కారొచ్చింది. మా కోడలి కాలు నలిగితే ఏమొచ్చింది? మేం పుట్టినకాణ్ణించీ ఊరికే చేస్తానే ఉండాం. నీళ్ళు మోసేది ఊరికే, వండేది ఊరికే. ఇప్పుడు మీ బావీ ఊరికే. మాది ఎవురూ సేవ అనరు. ఇంకోసారి రమ్మంటే రాం."

మా అధికారి నాతో మెల్లగా, "కాలు నలిగిందా? చిన్న దెబ్బని రాసినావే" అన్నారు. నేను చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "ఆమె చెప్పింది నిజం సార్. జీతం లేకుండా పని చేస్తున్నానని నేను చాలా గర్వపడుతూ వచ్చాను. కానీ నాకు జబ్బు చేస్తే చూసుకునే వాళ్ళున్నారు. రెండేళ్ళయితే ఇంటికి పోతాను. ఈ పని ఇష్టపడి ఎంచుకున్నాను. వీళ్ళను ఎవరూ ఎంచుకోమనలేదు" అంది. ఈసారి అనువాదం అవసరం రాలేదు. నేనక్కడ ఎందుకున్నానో నాకే తెలియలేదు.

గంటకు పైగా వాదన జరిగింది. చివరికి ఒప్పుకున్నవి ఇవి. ఇసక మోయడానికి ఇంటికొక మగవాడు కూడా రావాలి. వేట నుంచి వచ్చాక సాయంత్రం పూటైనా సరే. చేపలమ్ముకునే పని మానుకుని వచ్చిన ఆడవాళ్ళకు కూలి ఇవ్వాలి. బావి కమిటీలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. "అట్లా రూల్లో లేదు" అని మా అధికారి గొణిగి, మళ్ళీ తనే, "ఉండకూడదనీ లేదులే" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరూ అడగనిదాన్ని తనంతట ఇచ్చే అలవాటు లేదు, అంతే.

నాలుగోది పెద్దమ్మ చివర్లో చేర్చింది. "ఈ అబ్బయ కూడా మోయాల."

మోశాను. గంప నెత్తిన పెట్టుకోవడం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. చుట్టకుదురు పెట్టుకోవడం కోడలే నేర్పింది, కూర్చున్న చోటు నుంచే. మొదటి రోజు నాలుగు గంపలకు నా మెడ పక్కకు తిరగడం మానేసింది. వారం పాటు నన్నెవరైనా పిలిస్తే మొత్తం ఒళ్ళు తిప్పి చూసేవాణ్ణి. పెద్దకాపు నన్ను చూసి నవ్వుకుంటుంటే, ఆయన భార్య ఒక గంప తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత మేమిద్దరం అభివృద్ధి గురించి మాట్లాడుకోవడం చాలా తగ్గించాం.

రెండు నిలువుల లోతులో నీళ్ళు పడ్డాయి. మేస్త్రి ఇంకొంచెం దిగుదామన్నాడు. నల్లమట్టి తొలి ముద్ద పైకి రాగానే పెద్దమ్మ వెళ్ళి వర అంచు మీద కూర్చుంది. "చాలు" అంది. మేస్త్రి నా వైపు చూశాడు. "ఆమె చెప్పింది గదా" అన్నాను. ఉద్యోగంలో నేను ఇచ్చిన ఆజ్ఞల్లో అదొక్కటే సరైనదని ఇప్పటికీ అనుకుంటాను.

అన్నీ చక్కబడ్డాయని రాస్తే మళ్ళీ మింగినట్టే. కమిటీ మీటింగులు మొదట్లో సరిగ్గా ఆడవాళ్ళు చేపలమ్మే వేళకు పెట్టేవాళ్ళు. ఆ ఇద్దరూ గంపలతో తిరిగొచ్చేసరికి సంతకాలు అయిపోయేవి. దాన్ని మధ్యాహ్నానికి మార్పించడానికి ఆరు నెలలు పట్టింది. పెద్దమ్మ కోడలు మళ్ళీ కాలవ దాటి పై ఊళ్ళకు పోలేకపోయింది. కాలీడుస్తూ నడిచేది. పాళెంలోనే చేపలెండబెట్టుకుని బతికింది. ఆమెకు ఏదైనా సాయం ఇప్పించాలని నేను రాసిన అర్జీలు మూడు. అర్జీల ఇంగ్లీషు అప్పటికి బాగా వచ్చు నాకు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

రెండేళ్ళు నిండాయి. ఆ అమ్మాయిని పంపించిన సంస్థ నుంచి ఒక పెద్దాయన ఢిల్లీ మీదుగా వచ్చాడు. ఆమె తిరిగి వెళ్ళే ముందు పని ఎలా జరిగిందో చూసి, ఊరివాళ్ళను అడిగి రాసుకుపోవడం ఆయన ఉద్యోగం. ఆమె ఉన్న చోట ఆమె గురించి అడగడం బాగుండదని ఆమెను పక్కకు పంపించాడు. కాబట్టి దుబాసీగా మళ్ళీ నేనే కూర్చోవలసి వచ్చింది. బావి గట్టు దగ్గర ఆడవాళ్ళంతా చేరారు.

"ఈ స్వచ్ఛంద సేవకురాలు మీ ఊరికి ఏం చేసిందో చెప్పమనండి" అన్నాడాయన.

అడిగాను. పెద్దమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"బావి మేం తవ్వినాం. చోటు మేం చూపించినాం. ఆ పాప చేసింది ఒకటే. మమ్మల్ని అడిగింది. మేం చెప్తే విన్నది. తప్పయితే తప్పని ఒప్పుకున్నది. అంతకు ముందు మమ్మల్ని అడిగినోళ్ళు లేరు." కాస్త ఆగి నా వైపు చెయ్యి చూపించింది. "ఈయప్ప మొదట్లో మా కాడికి వచ్చిపోతా ఉండి, మేం చెప్పిందంతా చెవుల్తో విని, నోటితో వేరే చెప్పినాడు. మా కోడలి కాలికి ఈయప్పే కారణం. తర్వాత మాతో మోసినాడు, అదీ చెప్పాల. రెండూ చెప్పు అబ్బయా. ఏదీ మింగబాక."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం ఆగి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని చెప్పాను. బావి మేము తవ్వాం. చోటు మేము చూపించాం. ఆమె మమ్మల్ని అడిగింది. ఆయన గబగబా రాసుకుంటున్నాడు. ఇతను విన్నదొకటి, చెప్పింది ఇంకొకటి. కోడలి కాలికి ఇతనే కారణం. తర్వాత మాతో కలిసి మోశాడు. ఒక్క మాటా వదల్లేదు.

ఆయన కలం ఆపి తలెత్తాడు.

"ఇతను అంటే ఎవరు?"

"నేనే సార్" అన్నాను. "రాసుకోండి."

ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. పెద్దమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆయన రాసేదాకా కాగితం మీదనుంచి కళ్ళు తిప్పలేదు.